పదిహేడో వంతు బుల్‌డోజర్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చంద్రపూర్ వైపు బొగ్గు గనులు, కోరాపుట్ వైపు పంచపట్మాలి బాక్సైట్ గని. డోజర్ల చప్పుడు మధ్య పెరిగినవాళ్ళకు దాని నమూనా చేసుకోవాలనిపించడం సహజమే. సరిహద్దు జిల్లాల నుంచి ఈసారి ఆ ఉత్తరాలే ఎక్కువ వచ్చాయి. కిట్ కొనకుండా రేకు, యాంగిల్, ప్లాస్టిక్ షీటు కోసి సొంతంగా కట్టేవాళ్ళే అందరూ. కష్టం కూడా అందరికీ ఒకటే, కొలతలు తగ్గించడం. అందుకని ఈ సంచికలో అదొక్కటే తీసుకున్నాం.

ప్రశ్న: మాది బల్లార్షా. అన్నదమ్ములం కలిసి క్యాటర్‌పిల్లర్ డి8టి చేద్దామనుకుంటున్నం. కేటలాగ్ కొలతలు దొరికినయి. స్కేలు దగ్గరే ఆగినం. తమ్ముడు 1:14 అంటడు, నేను 1:16 అంటున్న. ఏది మంచిది?

రెండూ వద్దు. 1:17, అంటే అసలు బండి కొలతల్లో పదిహేడో వంతు పెట్టుకోండి.

స్కేలును గుండ్రటి అంకె చూసి ఎంచుకుంటే తరవాత ఏడవాల్సి వస్తుంది. బండిలో మీరు ఇంట్లో చేయలేని భాగం ఏదో ముందు తేల్చుకోండి. అది బజార్లో ఏ కొలతలో దొరుకుతుందో, దాన్ని బట్టి మిగతా బండి కొలతలు రావాలి. డోజర్‌లో ఆ భాగం చైను, అంటే చక్రాల చుట్టూ తిరుగుతూ బండిని నడిపే ఇనుప పట్టా. క్యాబిన్, హుడ్, బ్లేడ్ ఏ కొలతకైనా కోసుకోవచ్చు. రెండు పక్కలా కలిపి 88 లింకులు, అన్నీ ఒకే పిచ్‌తో (పక్కపక్క పిన్నుల మధ్య దూరం), రంధ్రాలు వంకరపోకుండా చేయడం మాత్రం లేత్ ఉన్నవాడికి కూడా విసుగు పుట్టించే పని.

డి8టి కేటలాగ్‌లో చైను పిచ్ 216 మి.మీ., పక్కకు 44 షూలు, అంటే లింకుల మీద బిగించే పలకలు. బజార్లో దొరికే అర అంగుళం రోలర్ చైను పిచ్ 12.7 మి.మీ. 216ను 12.7తో భాగిస్తే 17కి వెంట్రుకవాసి ఎక్కువ. ఇంత బాగా కుదిరే లెక్క అరుదు, వదులుకోకండి.

1:14కి పిచ్ 15.43 రావాలి. దానికి దగ్గర్లో ఉన్నది 5/8 అంగుళం చైను, అంటే 15.875. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ 44 లింకులకు అది దాదాపు 20 మి.మీ. పెరుగుతుంది, చైను వేలాడుతుంది. ఒక లింకు తీసేద్దామంటే 43 బేసి సంఖ్య. రోలర్ చైనులో లోపలి లింకు, బయటి లింకు ఒకదాని తరవాత ఒకటి వస్తాయి కాబట్టి బేసి సంఖ్యకు హాఫ్ లింక్ వేయాలి, తెగేది సాధారణంగా అక్కడే. రెండు తీస్తే 12 మి.మీ. తక్కువవుతుంది. 5/8 చైనే వాడాలనుకుంటే డి8టికి స్కేలు 1:13.6 అని ఒప్పుకుని మొత్తం బండిని దానికే లెక్కగట్టుకోండి. డి9టి చేసేవాళ్ళకైతే అదే చైను 1:15కి దాదాపు సరిపోతుంది, ఎందుకంటే దాని పిచ్ 240. ఇక మీ 1:16కి కావలసింది 13.5 మి.మీ. పిచ్. అది దొరకదు.

1:17లో మీ ముఖ్యమైన కొలతలు ఇలా వస్తాయి. ట్రాక్ గేజి, అంటే రెండు చైన్ల మధ్యగీతల దూరం, 2,082 నుంచి 122.5 మి.మీ. నేల మీద ఆనే చైను పొడవు 3,206 నుంచి 188.6. షూ వెడల్పు 560 నుంచి 33. గ్రౌజర్ (షూ మీద నేలలో దిగే పట్టీ) ఎత్తు 78 నుంచి 4.6. సెమీ-యూ బ్లేడ్ (రెండు చివరలూ ముందుకు తిరిగినది) వెడల్పు 3,937 నుంచి 231.6, ఎత్తు 1,690 నుంచి 99.4. లెక్కలో ఒక దశాంశం వరకూ ఉంచుకోండి, గుండ్రం చేయడం కోసేటప్పుడు చూసుకోవచ్చు. 12.7ను 13 అనుకుని గీస్తే 44 లింకులకు 13 మి.మీ. పోతుంది, అంటే ఒక లింకు మొత్తం.

చైను సైకిల్‌ది వద్దు. పిచ్ ఒకటే అయినా షూ బిగించడానికి దానికి రెక్కలుండవు. 08బి చైను (అర అంగుళం రోలర్ చైనుకున్న పేరు), రెండు వైపులా కె1 రకం రెక్కలతో, "ప్రతి పిచ్‌కూ" అని గట్టిగా చెప్పి తెప్పించుకోండి. ఆ మాట చెప్పకపోతే ఒకటి విడిచి ఒకటి రెక్కలున్న కన్వేయర్ చైను వస్తుంది, పక్కకు 22 షూలే పడతాయి. రెండు పక్కలకూ కలిపి 1,118 మి.మీ. చాలు. ఐదడుగులు తీసుకుంటే తెగిన లింకులకు కూడా మిగులుతుంది. రెక్కల చివరలు 33 మి.మీ. దాటి బయటికి పొడుచుకొస్తే గ్రైండర్‌తో షూ వెడల్పుకు కోసేయండి. రంధ్రం చుట్టూ కనీసం ఒక మిల్లీమీటరు లోహం మిగలాలి.

షూలకు అర అంగుళం అల్యూమినియం యాంగిల్ మంచిది. ఒక రెక్క షూ అవుతుంది, రెండోదాన్ని 4.6కి తగ్గిస్తే గ్రౌజర్ అవుతుంది. నిజమైన షూకి కూడా గ్రౌజర్ ఒక అంచు దగ్గరే ఉంటుంది కాబట్టి రూపం తప్పదు. 33 చొప్పున 88 ముక్కలు, రంపం తినేది కలుపుకుంటే మూడు మీటర్లు. పన్నెండడుగుల యాంగిల్ ఒకటి సరిపోతుంది. షూ పొడవును పిచ్‌కు సరిగ్గా 12.7 ఉంచకుండా 12.2కి అరగదీయండి. ఆ అర మిల్లీమీటరు సందు లేకపోతే ఇసుక రేణువు పడ్డ చోట చైను బిగుసుకుంటుంది.

స్ప్రాకెట్ (చైనును లాగే పళ్ళ చక్రం) వ్యాసాన్ని 17తో భాగించి లేత్ షాపుకు ఇవ్వడం చాలామంది చేసే తప్పు. స్ప్రాకెట్‌కు స్కేలుతో పని లేదు, చైనుతోనే పని. పళ్ళ సంఖ్య ముందు అనుకుని, 180 డిగ్రీలను ఆ సంఖ్యతో భాగించగా వచ్చే కోణపు సైన్‌తో పిచ్‌ను భాగిస్తే పిచ్ వ్యాసం వస్తుంది. 08బికి 13 పళ్ళయితే 53.1, 14 అయితే 57.1, 16 అయితే 65.1 మి.మీ. ఫోటోలో స్ప్రాకెట్ చుట్టూ చైను మధ్యగీత ఎంత వ్యాసంలో తిరుగుతోందో కొలిచి, 17తో భాగించి, ఈ మూడింటిలో దగ్గరిది కొనండి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఎవరికీ కనపడదు. పన్ను, చైను కలవకపోతే మాత్రం టకటకమని దూకుతూనే ఉంటుంది.

ఈ రకం బండికి స్ప్రాకెట్ పైన ఉంటుంది, చైను త్రికోణంలా తిరుగుతుంది. క్యాటర్‌పిల్లర్ 1970ల చివర్లో డి10తో తెచ్చిన అమరిక ఇది. కాబట్టి చైను పొడవు కోలగుండు ఆకారపు సూత్రానికి లొంగదు. గ్రాఫ్ కాగితం మీద నమూనా అసలు సైజులోనే ముందు ఐడ్లర్, వెనక ఐడ్లర్ (చైను ఊరికే చుట్టి తిరిగే చక్రాలు), స్ప్రాకెట్ వలయాలు గీసి, అట్ట మీద మేకులు కొట్టి, చుట్టూ దారం తిప్పి కొలవండి. 558.8 కంటే మూడు నాలుగు మిల్లీమీటర్లు తక్కువ రావాలి, ఆ మాత్రం జోలు ఉండాలి. రాకపోతే స్ప్రాకెట్‌ను కాస్త పైకో కిందికో జరపండి, ఐడ్లర్ల మధ్య దూరం కదపొద్దు. ముందు ఐడ్లర్ ఇరుసుకు 13 మి.మీ. పొడవు గాడి పెట్టుకుంటే, చైను సాగాక రెండు లింకులు తీసి మళ్ళీ బిగించుకోవచ్చు.

ఛాసిస్ కోసేముందు ఒక లెక్క చూసుకోండి. గేజి 122.5 లోంచి షూ వెడల్పు 33 పోతే చైన్ల మధ్య మిగిలేది 89.5 మి.మీ. మాత్రమే. మోటార్లు, గేర్లు అందులోనే ఇమడాలి. గేర్‌బాక్స్‌తో కలిపి 65 మి.మీ. ఉండే మోటార్లు రెండు ఎదురెదురుగా పట్టవు. ఒకటి ముందు, ఒకటి వెనక పెట్టి చిన్న చైనుతో స్ప్రాకెట్ ఇరుసుకు అందించాలి. మోటారు చేతికి రాకముందే ఛాసిస్ కోసేయకండి.

ప్రశ్న: రాజూరా దగ్గర రోడ్డు పని ఆగిపోయి ఒక పాత డోజర్ నిలబడి ఉంది. కాంట్రాక్టర్ కొలుచుకోమన్నాడు. కేటలాగ్ లేదు. టేపు, ఫోన్ కెమెరా ఉన్నాయి. చాలా?

చాలు. ముందు బ్లేడ్, రిప్పర్ (బండి వెనక నేలను చీల్చే కొండి) రెండూ నేల మీద ఆనించి ఉన్నాయో లేదో, తాళంచెవి తీసి ఉందో లేదో చూసుకోండి. గాల్లో ఉన్న బ్లేడ్ కిందికి టేపుతో దూరొద్దు, దాన్ని ఎత్తే జాకీలు ఎంత గట్టిగా ఉన్నట్టు కనపడ్డా సరే.

టేపుతో నేరుగా తీయాల్సినవి కొన్నే: చైను పది లింకుల పొడవు, షూ వెడల్పు, రెండు చైన్ల బయటి అంచుల మధ్య దూరం, ఐడ్లర్ నుంచి వెనక ఇరుసు మధ్య దూరం, బ్లేడ్ వెడల్పూ ఎత్తూ. ఒక లింకు కొలిచి పదితో గుణించకండి, పది కొలిచి పదితో భాగించండి. పాత బండి చైను పిన్నులూ బుష్‌లూ అరిగి కొంత సాగి ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. మెకానిక్‌లు చైను అరుగుదలను చూసేది లింకుల పొడవు కొలిచే. గ్రౌజర్‌లు కూడా సగం అరిగి ఉంటాయి. ఆ ఎత్తును అలాగే దించితే నమూనా బోడిగా కనపడుతుంది. షూ అంచుల్లో అరగని మూల ఏదైనా దొరికితే అక్కడ కొలవండి.

మిగతావి ఫోటోలోంచి తీయొచ్చు. బండికి పక్కగా, చైను మధ్యకు సూటిగా, కనీసం 20 మీటర్ల దూరంలో, బండి సగం ఎత్తుకు ఫోన్ పట్టుకుని నిలబడండి. మామూలు లెన్స్ వద్దు, రెండింతలో మూడింతలో దగ్గరికి లాగే లెన్స్ వాడండి, బండి ఫోటో నడుమ ఉండేలా చూడండి. దగ్గరగా నిలబడి తీస్తే ముందున్న చైను పెద్దదిగానూ క్యాబిన్ చిన్నదిగానూ పడతాయి.

ఉదాహరణకు టేపుతో పది లింకులు 2,030 మి.మీ. వచ్చాయి, ఫోటోలో అవే 1,450 పిక్సెళ్ళు అనుకుందాం. ఒక్కో పిక్సెల్ 1.4 మి.మీ. అన్నమాట. నేల నుంచి క్యాబిన్ పైకప్పు 2,150 పిక్సెళ్ళు ఉంటే 3,010 మి.మీ. అని రాసేసుకుంటారు చాలామంది. అది తక్కువ. క్యాబిన్ పక్క రేకు చైను బయటి అంచు కంటే సుమారు 60 సెం.మీ. లోపలికి ఉంటుంది. 20 మీటర్ల దూరంలో ఉన్న చైనుతో 20.6 మీటర్ల దూరంలో ఉన్నదాన్ని కొలిచారు కాబట్టి 20.6/20తో, అంటే 1.03తో గుణించాలి. అసలు ఎత్తు 3,100. పొగగొట్టం బండి నడిగీత మీద ఉంటే దానికి దిద్దుబాటు ఇంకా ఎక్కువ, ఆరు శాతం దాటుతుంది. 50 మీటర్లు వెనక్కి వెళ్ళే చోటుంటే అది మూడు శాతం లోపుకు తగ్గుతుంది.

కొలతలన్నీ ఒకే చోటు నుంచి రాసుకోండి. నిలువుకు నేల, అడ్డానికి వెనక ఇరుసు మధ్య. హుడ్ నుంచి క్యాబిన్‌కి, క్యాబిన్ నుంచి ట్యాంకుకి అని గొలుసుగా కొలుచుకుంటూ పోతే ప్రతి చోటా అర సెంటీమీటరు తప్పు కలిసి, చివరికి రిప్పర్ ఎక్కడికో పోతుంది. ఇంకొకటి, బండి మెత్తటి నేలలో దిగబడి ఉంటే గ్రౌజర్‌లు కనపడవు. షూ అడుగును నేలగా తీసుకుని గ్రౌజర్ ఎత్తు తరవాత కలపండి. కేటలాగ్ దొరికినా ఇదే తిరకాసు: ఎత్తు గ్రౌజర్ కొన నుంచి ఇచ్చారా లేదా, పొడవు బ్లేడ్, రిప్పర్ కలిపి ఇచ్చారా లేదా అని బొమ్మలో బాణాలు చూసి గానీ అంకె తీసుకోవద్దు.

గనుల్లో తిరిగే బండి దగ్గరికి మాత్రం అనుమతి లేకుండా వెళ్ళకండి. రోడ్డు పనుల బళ్ళు, కాంట్రాక్టర్ల యార్డులు చాలు.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఐటీఐ చదువుతున్నాను సార్. అన్ని కొలతలూ 17తో భాగిస్తే రిప్పర్ వాలు రెండున్నర డిగ్రీలకు వచ్చింది, క్యాబిన్ రేకు కాగితం మందానికి వచ్చింది. ఎక్కడ తప్పు?

పొడవులను మాత్రమే భాగించాలి. కోణాలు, పళ్ళ సంఖ్య, షూల సంఖ్య, రోలర్ల సంఖ్య, గేర్ నిష్పత్తి మారవు. 45 డిగ్రీల వాలు నమూనాలోనూ 45 డిగ్రీలే. జాకీ పొడవు, దాని స్ట్రోక్ రెండూ భాగిస్తే బ్లేడ్ ఎత్తే కోణం దానంతటదే సరిగ్గా వస్తుంది. పిన్నుల మధ్య దూరాలు తప్పకుండా ఉంటే చాలు.

రేకు మందం దగ్గర స్కేలును పక్కన పెట్టండి. 4 మి.మీ. రేకు 0.24 అవుతుంది, చేత్తో పట్టుకుంటేనే నలుగుతుంది. క్యాబిన్‌కు 1 మి.మీ. ప్లాస్టిక్ షీటు వాడి, పైకి కనిపించే అంచుల్ని మాత్రం లోపలి వైపు నుంచి ఏటవాలుగా రాకితే పలచగా కనపడతాయి. బయటి కొలత స్కేలుకు ఉండాలి, పెరిగిన మందం లోపలికి పోవాలి. కిటికీ అద్దాలు, సీటు కొలతలు ఆ మేరకు తగ్గుతాయి. పర్వాలేదు.

తిరిగే చోట్ల వదిలే సందు కూడా భాగించకూడదు. అసలు బండిలో పిన్నుకూ బుష్‌కూ మధ్య ఒక మిల్లీమీటరు ఉంటే నమూనాలో 0.06 అవుతుంది, అది చేతిపనిలో వచ్చే కొలత కాదు. 0.2 వదలండి. రంగు వేసేముందు పిన్ను రంధ్రాలకు టేపు అంటించకపోతే ఆ సందు కూడా రంగుతో మూసుకుపోతుంది.

బోల్టు తలల కోసం ఎం24 బోల్టు లెక్క చెబుతాం: తల ఎదురు ముఖాల మధ్య 36 మి.మీ., 17వ వంతు 2.1. 2 మి.మీ. షడ్భుజి ప్లాస్టిక్ కడ్డీని మిల్లీమీటరు మందాన ముక్కలుగా కోసి అంటించండి.

ప్రశ్న: 1:50 స్కేలు బొమ్మ డ్రాయింగ్ ఒకటి దొరికింది. జెరాక్స్‌లో పెంచి 1:17 చేయొచ్చా? – సిరోంచ

చేయొచ్చు. 50ని 17తో భాగిస్తే 2.94, అంటే 294 శాతం. మిషను 200 వరకే పెంచితే 171.5 శాతానికి ఒకసారి, వచ్చిన కాపీని మళ్ళీ 171.5కి ఇంకోసారి తీయించండి. మొదటి కాపీ తీయకముందే డ్రాయింగ్ మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి 50 మి.మీ. గీతలు గీసుకోండి. చివరి కాపీలో రెండూ 147 ఉండాలి. కాగితం లాగే దిశలో చాలా మిషన్లు కొద్దిగా సాగదీస్తాయి, అడ్డం 147 వచ్చి నిలువు 149 వస్తే అది మిషను తప్పే. గీత మందం కూడా మూడింతలవుతుంది కాబట్టి కొలత ఎప్పుడూ గీత మధ్య నుంచి మధ్యకే. కంప్యూటర్ నుంచి ప్రింట్ తీసేటప్పుడు కాగితానికి సరిపెట్టే ఆప్షన్ తీసేసి అసలు సైజు అని పెట్టాలి, లేకపోతే నాలుగైదు శాతం కుదించేస్తుంది.

ప్రశ్న: బ్లేడ్ వంపు ఎలా కొలవాలి, దేనితో చేయాలి? రేకు వంచితే ఒక్కో చోట ఒక్కోలా వస్తోంది. – జయపురం

వంపు వ్యాసార్థం కొలవడానికి కర్ర, స్కేలు చాలు. బ్లేడ్ ముఖం మీద నిలువుగా నిటారైన కర్ర ఆనించి, కర్ర రెండు కొనలు తగిలే చోట్ల మధ్య దూరం, నడిమధ్యలో ఎంత లోతు ఉందో ఆ లోతు తీసుకోండి. దూరం వర్గాన్ని లోతుకు ఎనిమిదింతలతో భాగించి, లోతులో సగం కలిపితే వ్యాసార్థం. దూరం 1,500, లోతు 250 వచ్చాయనుకోండి. 22,50,000ను 2,000తో భాగిస్తే 1,125. 125 కలిపితే 1,250 మి.మీ. 17వ వంతు 73.5.

ఇంత వంపు రేకులో చేత్తో తేవడం కంటే పీవీసీ పైపులోంచి కోయడం నయం. 160 మి.మీ. పైపు గోడ మందం 4 ఉంటే లోపలి వ్యాసార్థం 76. రెండున్నర మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు. మందం పైపు తరగతిని బట్టి మారుతుంది కాబట్టి దుకాణంలోనే వెర్నియర్‌తో కొలవండి. పైపు మీద రెండు నిలువు గీతలు సమాంతరంగా గీయడానికి దాన్ని తలుపు చట్రం మూలకు ఆనించి, చట్రం అంచు వెంబడి గీత లాగండి. ఆధారం లేకుండా చేత్తో గీస్తే బ్లేడ్ మెలికపడుతుంది.

సెమీ-యూ బ్లేడ్‌కు రెండు చివరలూ ముందుకు తిరిగి ఉంటాయి. దాన్ని మూడు ముక్కలుగా కోయాలి: మధ్యది నేరుగా, రెక్కలు రెండూ ఏటవాలు కోతతో. కోత కోణం రెక్క తిరిగిన కోణంలో సగం, మధ్య ముక్క చివరా అంతే సగం. రెక్క పూర్తి కోణాన్ని ఒక్క ముక్కకే కోస్తే వంపులు కలవక అతుకు దగ్గర మెట్టు పడుతుంది. వెనక 2 మి.మీ. షీటుతో పక్కటెముకలు వేయాలి, లేకపోతే ఎండకు పైపు మళ్ళీ గుండ్రంగా ముడుచుకోవాలని చూస్తుంది. కింది అంచుకు 1.5 మి.మీ. ఇనుప పట్టీ వేసి స్క్రూలతో బిగిస్తే మట్టి కొయ్యగలదు.

ప్రశ్న: 1:14లో డి8 చేశాం. బరువు 4 కిలోలు. చూడ్డానికి అచ్చంగా ఉంది. కానీ మట్టి తొయ్యదు, చైన్లు అక్కడే తిరుగుతాయి, బ్లేడ్ మట్టి మీద పైకి ఎక్కుతుంది. పెద్ద మోటార్లు వేయాలా? – రాయగడ

వేయకండి. చైన్లు తిరుగుతున్నాయంటే మోటార్లకు బలం ఉన్నట్టే. లేనిది బరువు.

పొడవు 14 రెట్లు తగ్గితే వైశాల్యం 196 రెట్లు, ఘనపరిమాణం, దాంతోపాటు బరువు 2,744 రెట్లు తగ్గుతాయి. రిప్పర్‌తో సహా డి8టి పని బరువు 38,488 కిలోలు. స్కేలు ప్రకారం మీ బండి 14 కిలోలు ఉండాలి. మీరు 4 దగ్గర ఆగారు. వదులు మట్టి మీద చైను లాగగలిగేది బరువులో ఇంచుమించు 60 శాతం అనుకుంటే మీకు దొరుకుతున్న తోపు 2.4 కిలోలు, దొరకాల్సింది 8 పైన.

14 కిలోలు చేసినా అసలు బండిలా తవ్వదు, ఆ సంగతి కూడా ముందే తెలుసుకోవడం మంచిది. అసలు బండి చైను కింద చదరపు సెంటీమీటరుకు కిలో పైచిలుకు బరువు పడుతుంది. 14 కిలోల నమూనాకు అది 0.08 కిలో లోపే. బరువు ఘనంగా తగ్గి, ఆనే చోటు వర్గంగా తగ్గడం వల్ల ఒత్తిడి 14వ వంతుకు పడిపోయింది. మట్టి అంటుదల మాత్రం స్కేలుకు తగ్గదు. రాయగడ ఎర్రమట్టి అయినా, చంద్రపూర్, నాందేడ్ వైపు నల్లరేగడి అయినా తడిస్తే నమూనా బ్లేడ్‌కు గోడతో సమానం. జల్లించి ఆరబెట్టిన ఏటి ఇసుకలో అంటుదల ఉండదు కాబట్టి అందులో మాత్రం నమూనా అసలు బండిలాగే తోస్తుంది. ప్రదర్శనకు ఇసుకే వాడండి. ఎర్రమట్టే కావాలంటే ఎండబెట్టి దంచి జల్లించాలి.

బరువును ఎక్కడ పెడుతున్నారన్నది కూడా ముఖ్యం. 150 × 80 × 10 ఇనుప పలక ఒకటి 940 గ్రాములు. అలాంటివి చైన్ ఫ్రేముల మధ్య, ఛాసిస్ అడుగున వేయండి. హుడ్‌లో సీసం నింపితే బండి వాలులో పల్టీ కొడుతుంది. బ్లేడ్ నేలకు తగలకుండా ఎత్తి, బండిని గుండ్రటి కడ్డీ మీద పెట్టి తూచి చూడండి. తూగే చోటు నేలకానే చైను పొడవుకు నడిమధ్యన రావాలి. ముందుకు మొగ్గితే బ్యాటరీని వెనక్కి జరపండి. అసలు బండిలో ఆ పని చేసేది రిప్పర్, మీరు దాన్ని బోలు ప్లాస్టిక్‌తో చేసి ఉంటారు.

14 కిలోలకు ఇరుసులు కూడా మారాలి. 8 మి.మీ. ఉక్కు కడ్డీ, 608 బేరింగులు సరిపోతాయి. ప్లాస్టిక్ బుష్‌లు అరిగి స్ప్రాకెట్ పక్కకు వాలితే చైను దిగిపోతుంది.

ఇక బ్లేడ్ పైకి ఎక్కడం. సర్వో అనే చిన్న మోటారు దారంతో బ్లేడ్ ఎత్తే పద్ధతిలో అది పైకి లాగగలదు, కిందికి నొక్కలేదు. నొక్కే బలం లేకపోతే ఏ బ్లేడైనా మట్టి మీద తేలుతుంది. స్క్రూ తిరిగి కదిలే లీనియర్ యాక్చుయేటర్ వేస్తే రెండు వైపులా గట్టిగా ఆగుతుంది. కోత లోతు 3, 4 మి.మీ. దాటనివ్వకండి.

ప్రశ్న: 1:17 బండికి వేగం ఎంత ఉండాలి? వేగాన్ని కూడా 17తో భాగించాలా? – కిన్వట్

భాగిస్తే మరీ నత్తనడక. డి8 మొదటి గేరులో గంటకు సుమారు 3.5 కిలోమీటర్లు, అంటే సెకనుకు 97 సెం.మీ. 17వ వంతు 5.7 సెం.మీ. బరువు, గురుత్వాకర్షణ లెక్కలో పెట్టే పద్ధతిలో 17 వర్గమూలంతో, అంటే 4.12తో భాగిస్తారు. అలా చేస్తే 23.6 సెం.మీ. వస్తుంది, అది బొమ్మకారులా పరుగెడుతుంది. మా సలహా 12. బండికి బరువున్నట్టు కంటికి కనిపించే వేగం అదే.

14 పళ్ళ స్ప్రాకెట్ ఒక చుట్టుకు 177.8 మి.మీ. చైను లాగుతుంది. సెకనుకు 12 సెం.మీ. కావాలంటే నిమిషానికి 40 చుట్లు. ఖాళీగా 60 చుట్లు తిరిగే 12 వోల్టుల గేర్ మోటారు భారం మీద ఆ దగ్గరికి దిగుతుంది. 8 కిలోల బండికి తోపు 4.8 కిలోలు, పక్కకు 2.4, స్ప్రాకెట్ వ్యాసార్థం 2.85 సెం.మీ., కాబట్టి టార్క్, అంటే తిప్పే బలం, 7 కిలో-సెం.మీ. దాకా వస్తుంది. చైను రాపిడికి, మలుపులకు కలిపి 15 నుంచి 20 ఉన్నది కొనండి. పెట్టె మీద రాసినది ఆగిపోయే టార్కా, పనిచేసే టార్కా అని అడగండి. ఆగిపోయే టార్క్ అయితే దానిలో మూడో వంతు లెక్కలోకి తీసుకోవడం మేలు. ప్రతి మోటారుకూ విడిగా ఫ్యూజు పెట్టండి. బ్లేడ్ రాయికి తగిలి ఆగినప్పుడు కాలేది మోటారు కంటే ముందు దాన్ని నడిపే సర్క్యూటే.

ప్రశ్న: ఎండాకాలంలో తయారు చేసిన ఎండీఎఫ్ ఛాసిస్ వానల్లో బిగుసుకుపోయింది. కొలతలు తప్పా? – దమన్‌జోడి

కొలతలు తప్పు కాదు, ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక) తేమ తాగి మందం పెరిగింది. కోసిన అంచులే ఎక్కువ తాగుతాయి. బిగుసుకున్న గాడిని రాకి, అన్ని అంచులకూ పలచటి ఫెవికాల్ నీళ్ళు రెండుసార్లు పూసి, ఆరాక ఇనామెల్ రంగు వేయండి. కొత్తగా చేసేవాళ్ళు మీ వైపు వానలకు 5 మి.మీ. పీవీసీ ఫోమ్ షీటు వాడటం మంచిది, దాన్నే సన్‌బోర్డ్ అంటారు. అది చంద్రపూర్ ఎండల్లో రేకు కప్పు కింద పెడితే వంగుతుంది, అక్కడివాళ్ళు చైన్ ఫ్రేములకైనా అల్యూమినియం వేసుకోవాలి. త్రీడీ ప్రింట్ భాగాలు పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో తీయించకండి, 60 డిగ్రీల దగ్గర అది మెత్తబడుతుంది. ఎండలో తలుపులు మూసిన కారులో ఆ వేడి మామూలే. పీఈటీజీ గానీ ఏబీఎస్ గానీ అడగండి. ఏబీఎస్ చల్లారేటప్పుడు ఒక శాతం దాకా కుంచించుకుపోవచ్చు కాబట్టి ముందు 100 మి.మీ. పట్టీ ఒకటి తీయించి, అది ఎంత వచ్చిందో కొలిచి, మిగతా భాగాల్ని ఆ మేరకు పెంచి ఇవ్వండి.